వఫ్రా తోటలో అమెరికా మీద వాదన

కువైట్ వెళ్ళొచ్చానని తెలియగానే అందరూ నన్ను అడిగింది బంగారం ధర. ఆ తర్వాత ఎండ. నేను బంగారం కొనలేదు. వెళ్ళింది చలికాలం కాబట్టి ఎండ సంగతీ చెప్పలేను. పొద్దు వాలితే స్వెటర్ లేకుండా బయట కూర్చోలేకపోయానంటే ఒక్కరూ నమ్మడం లేదు. నేను అక్కడి నుంచి మోసుకొచ్చింది ఒక వాదన. దానికి కస్టమ్స్ వాళ్ళు సుంకం అడగలేదు గానీ, ఆ కొన్ని రోజుల్లో చూసిన వాటన్నిటికంటే విలువైనది అదే.

నన్ను పిలిచినవాడు శివారెడ్డి. రాయచోటి పక్క పల్లె అతనిది. కువైట్‌లో మిర్కాబ్ అనే పేటలో ఒక ఆఫీసు వ్యాను నడుపుతాడు. అమెరికా సమాజంలో ఎవరెవరికి ఏ ఆధిక్యతలు పుట్టుకతోనే దక్కుతాయో నేను వ్యాసాలుగా రాశాను. అవి చదివి ఫోన్ చేశాడు.

“సార్, తెల్లతోలు ఆధిక్యత, మొగోని ఆధిక్యత, డబ్బున్నోని ఆధిక్యత అని వరసబెట్టి రాసినారే, దాని మీద మేం వాదన పెట్టుకుంటాండాం. మీరొచ్చి ముందు మాట్లాడల్ల.”

“అమెరికాతో మీకేం పని?” అన్నాను.

“మాకేం ల్యా. మాలో ఒకాయమ్మకుంది. ఆమె పోవాల్నా వద్దా తేలాల.”

ఆమె పేరు ఎస్తేరు. నరసాపురం దగ్గరి మనిషి, కువైట్ ఆసుపత్రిలో నర్సు. భర్త పోయాడు. కూతురు అక్కడే పుట్టి అక్కడే బడికి వెళుతోంది. ఎస్తేరుకి అమెరికాలో ఒక ఆసుపత్రి ఉద్యోగమిచ్చింది, కూతురిని కూడా తీసుకురావచ్చునంది. అవునో కాదో ఆదివారం లోపల చెప్పాలి. శుక్రవారం వాదన. నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. ఫలితం కోసం ఒక మనిషి నిజంగా ఎదురుచూస్తున్న సభకు వెళ్ళడం మాత్రం అదే మొదలు.

మిర్కాబ్

ఎత్తైన అద్దాల మేడల వెనక్కి తిరిగితే పాత భవనాలు, వాటి గోడలకు బొడిపెల్లా ఏసీ పెట్టెలు. శివారెడ్డి గదిలో మంచం మీద మంచం. కిటికీ పక్కన కింది మంచం నాకిచ్చారు. ఆ మంచం ఎవరిదని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ తెలియదు.

పొద్దున్నే కింద బేకరీ ముందు వరసలో నిలబడ్డాం. యాభై ఫిల్సులకు విస్తరాకంత ఖుబూస్ రొట్టె, పొగలు కక్కుతూ, చేతిలో నిలవదు. మన దగ్గర పట్నాల్లో ధనవంతుడికి ఒక రొట్టె, కూలివాడికి ఒక రొట్టె. ఇక్కడ పెద్ద కారు దిగినవాడూ, బూట్లకు సిమెంటు అంటిన మనిషీ అదే వరసలో, అదే రొట్టె కోసం. ఈ దేశంలో సమానత్వం ఎక్కడుందని అడిగితే ఆ వరసను చూపిస్తాను. వరస దాటాక దాన్ని చూపించడం కష్టం.

ఫిల్సుల్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మొదటిరోజే మానేశాను. అలా చూసుకుంటే చాయ్ కూడా గొంతు దిగదు.

ఆ గదిలోనే ఆ సభ పుట్టిన కథ విన్నాను. ఊళ్ళో ఎన్నికల రోజులు. గదిలో ఇద్దరు పార్టీల గురించి మొదలుపెట్టి కులాల్లోకి దిగారు. చెయ్యి లేచింది, పప్పు గిన్నె గోడకు తగిలింది. మన ఊళ్ళో అయితే ఇద్దరూ చెరో దారిన పోయి, చెరో గుంపును కూడగట్టుకొని వచ్చేవారు. ఇక్కడ పోవడానికి చోటేదీ? ఆ రాత్రి ఒకడు పై మంచం మీద, ఒకడు కింది మంచం మీద పడుకోక తప్పలేదు. మర్నాడు గదిలో పెద్దవాడు ఒక కట్టుబాటు పెట్టాడు. చాయ్ దాకా నీ ఇష్టం వచ్చినట్టు వాదించు. చాయ్ తాగాక ఎదుటివాడి వైపు నుంచి వాదించాలి. నోరు రాకపోతే ఆ పూట అందరి గిన్నెలూ నువ్వే కడగాలి. చివర్న ‘వీటిలో ఏది నీ సొంత మాట?’ అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు.

నేను కాలేజీ రోజుల నుంచీ వాదనల్లో పెరిగినవాణ్ణి. జ్యోతిష్కులతో, బాబాలతో, కులపెద్దలతో వేదికలెక్కి పోట్లాడాను. మా సభల్లో చప్పట్లు ఉండేవి, ఈలలు ఉండేవి, అప్పుడప్పుడూ రాళ్ళు కూడా. ఎవరు తెచ్చుకున్న మాట వాళ్ళు మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి పోయేవారు. ఎదుటివాడి చెప్పుల్లో కాళ్ళు పెట్టాలన్న నియమాన్ని సంస్కరణ సభలు కనిపెట్టలేదు. నిద్రపోవడానికి వేరే చోటు లేని మనుషులు కనిపెట్టారు.

రెండో కట్టుబాటు ఇంకా గొప్పది. సభ ఎక్కడ జరగాలన్నది హాలు అద్దెను బట్టి తేల్చరు. తమలో కదలడానికి ఎవరికి అందరికంటే తక్కువ వీలుందో, వాళ్ళ దగ్గరికే అందరూ వెళతారు. ఈసారి అది గంగులు. దక్షిణాన సరిహద్దు దగ్గర వఫ్రాలో కూరగాయల తోట, గొర్రెలు చూసుకుంటాడు. యజమాని వారాంతంలోనే వస్తాడు, వస్తే గంగులు ఎదురుగా ఉండాలి. అటు బస్సులూ తక్కువే. అందుకని సభే వఫ్రా వెళుతుంది.

ఆధిక్యత గురించి నేను ఎన్ని పేజీలు రాశానో! కాళ్ళు ఆడేవాడు ఆడనివాడి దగ్గరికి నడవాలన్న మాట ఒక్కచోట కూడా రాయలేదు.

ఎగైలా

శుక్రవారం పొద్దున వ్యాన్‌లో బయల్దేరాం. వెనక సీట్లో ఎస్తేరు. తెల్లటి చున్నీ, ఒళ్ళో సంచి, సంచిలో ఊరగాయ. కూతుర్ని స్నేహితురాలింట్లో దింపి వచ్చింది. “మాస్టారూ, మీరు తప్పు చెప్పినా పర్లేదండి, గట్టిగా చెప్పండి. మాకు చాయ్ తర్వాత తిప్పడానికి వీలుగా ఉంటుంది” అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళకింద నలుపు నాకు కనిపిస్తూనే ఉంది.

దారిలో ఎగైలాలో లక్ష్మీదేవిని ఎక్కించుకోవాలి. లక్కిరెడ్డిపల్లె వైపు మనిషి. ఒక కువైటీ కుటుంబంలో ఇంటిపని. రెండు శుక్రవారాలకొకసారి సెలవు. మామూలుగా గేటు దగ్గర నిలబడి ఉంటుందట. ఆ రోజు ఆమె బదులు మాకు కబురు వచ్చింది: ఇండియా నుంచి అతిథి వచ్చాడట గదా, లోపలికి రమ్మన్నారు మామా. ఇంటి యజమానురాలిని పనివాళ్ళందరూ అలాగే పిలుస్తారు.

పెద్ద హాలు, గోడల వెంట సోఫాలు. మామాకి యాభై ఏళ్ళుంటాయి. చక్కటి ఇంగ్లీషు. ఖర్జూరాలు పెట్టించి, చిన్న గిన్నెలో పచ్చగా ఉండే అరబ్బు కాఫీ, గహ్వా పోయించింది. పోసేది లక్ష్మీదేవే. తాగాను. మళ్ళీ పోసింది. మర్యాద తప్పకూడదని తాగాను. మళ్ళీ పోసింది. గుండె దడదడలాడుతోంది. లక్ష్మీదేవి ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

మేము దేని మీద వాదించుకోబోతున్నామో శివారెడ్డి చెప్పాడు. మామా గట్టిగా నవ్వింది.

“నేను అమెరికాలోనే చదువుకున్నాను. ఇక్కడ మా ఇంటిపేరు చెబితే ఏ ఆఫీసులోనైనా కుర్చీ వేస్తారు. అక్కడ బట్టల దుకాణంలో కాపలావాడు నా వెనకే నడిచాడు. నా తల మీది గుడ్డకు బరువుంటుందని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తెలిసింది.”

తర్వాత ఎస్తేరు వైపు తిరిగింది. “మొదటి ఏడాది నీతో అందరూ గట్టిగా, నెమ్మదిగా మాట్లాడతారు, చిన్నపిల్లతో మాట్లాడినట్టు. కోపం తెచ్చుకోకు. వెళ్ళు.”

ఆధిక్యత మనిషి ఒంటికి అతుక్కొని ఉండదు, చూసే కంటిని బట్టి వస్తుంది, పోతుంది. ఇది నేను పుస్తకాల్లో చదివి ఒప్పుకున్న మాట. ఆ హాల్లో దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి చూశాను. తన అవమానాన్ని అంత నిస్సంకోచంగా పరాయి మనుషులకు చెప్పిన ఆమె మీద నాకు గౌరవం కలిగింది. మేం మాట్లాడినంతసేపూ లక్ష్మీదేవి పాత్ర పట్టుకొని నిలబడే ఉందన్నది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది.

వ్యాన్ కదిలాక లక్ష్మీదేవి పడీ పడీ నవ్వింది. “ఏం సార్, గిన్నె అల్లాడించాల! సాలు అంటే అట్ల అల్లాడించాల. మీరు తాగుతానే ఉండారు, నేను పోస్తానే ఉండా.”

“చెప్పొచ్చు కదమ్మా!”

“మామా ముందర నేనెట్ల చెప్తా?” ఇంకాస్త నవ్వి, కిటికీలోంచి చూస్తూ అంది: “మంచిదే సార్ మామా. కొట్టదు, తిట్టదు. అమెరికాలో ఆమె పడిన కష్టం నాకు నూరుసార్లు చెప్పింది. నేను ఈడ ఏం పడినానో ఒక్కసారీ అడగలా.”

వఫ్రా

ఎడారి మధ్యలో ఉన్నట్టుండి పచ్చదనం. ప్లాస్టిక్ కప్పిన పొడుగాటి షెడ్లు, లోపల టమాటా, కీరా. రోడ్డు పక్కన పెట్టెల్లో కూరగాయలు పెట్టి అమ్ముతున్నారు. పట్నం నుంచి కుటుంబాలు కార్లేసుకొని వచ్చి బేరమాడుతున్నాయి. మన రైతుబజారే. ధూళి కాస్త ఎక్కువ, అరుపులు కాస్త తక్కువ.

యజమాని ఇంకా రాలేదు. గంగులు షెడ్డు వెనక ఇసుక మీద తివాచీ పరిచి ఉంచాడు. చిట్వేలి మనిషి, ఎండిన చెరుకుగడలా ఉంటాడు. గోంగూర తనే పెంచాడు. యజమానికి దాని పేరు తెలియక, అది పశువుల మేత అనుకుంటున్నాడట. “ఆయప్ప అట్లే అనుకోనీ సార్. తెలిస్తే అమ్మమంటాడు.”

గ్యాసు పొయ్యి మీద సంగటికి నీళ్ళ గిన్నె ఎక్కించి నాతో అన్నాడు: “నీళ్ళు మరిగేలోపల ముగించల్ల. ఇది మా పద్ధతి. పోయినసారి వచ్చిన పెద్దాయన చెప్తానే ఉంటే సంగటి సచ్చిపాయ.”

మొదలుపెట్టాను. అమెరికాలో కొన్ని నెలలు తిరిగినప్పుడు ఒక నల్లజాతి అధ్యాపకుడు నన్ను తన కార్లో తీసుకెళుతున్నాడు. వెనక పోలీసు కారు దీపాలు వెలిగాయి. నా మిత్రుడు కారాపి, రెండు చేతులూ స్టీరింగ్ మీద, కనబడేలా, వేళ్ళు చాచి పెట్టాడు. ఇంటి దగ్గర కొడుక్కి కూడా అది నేర్పించాడట. అదే ఊళ్ళో తెల్లవాడైన ఇంకో మిత్రుడికి ఆ సంగతే తెలియదు. తెలియవలసిన అవసరం రాలేదు. తెలియకుండా బతకగలగడమే ఆధిక్యత అన్నాను. రంగు ఒకటి. మగవాడిగా పుట్టడం ఒకటి. తండ్రి చదివిన కాలేజీలో కొడుక్కి తలుపు ముందే తెరుచుకొని ఉండటం ఒకటి. అక్కడి యాసలో ఇంగ్లీషు రావడం, అక్కడి మతంలో ఉండటం, ఒంట్లో ఏ లోపమూ లేకపోవడం, ఆ దేశపు కాగితం ఉండటం. ఒకే మనిషికి ఒకటి ఉండి ఇంకోటి లేకపోవచ్చు. మన దేశంలో ఇవన్నీ లేవా? ఉన్నాయి. కాకపోతే మనం దానికి పూర్వజన్మ సుకృతమని పేరుపెట్టి ఆకాశంలో కట్టేశాం. ఆకాశంలో ఉన్నదానితో ఎవరు వాదిస్తారు? వాళ్ళు దాన్ని కిందికి దించి బల్ల మీద పెట్టి కొట్టుకుంటున్నారు. అదీ తేడా.

నీళ్ళు మరిగాయి. నేను కూర్చున్నాను.

మొదట శివారెడ్డి, వెళ్ళాలనే వైపు. “సార్ చెప్పినవన్నీ ఉండనీ. ఆడ కులం ల్యా. అది సాలు. తెల్లోనికి మనమంతా ఒకే రంగు. మా తమ్ముడు, చిన్నాయన కొడుకు, ఎస్తేరమ్మ పోయే ఊర్లోనే ఉండాడు. ఇంత ఇల్లు! నేనొక మాట చెప్తే ఈయమ్మా బిడ్డా నెలరోజులు వానింట్లోనే దిగచ్చు. భయమేంటికి?”

లక్ష్మీదేవిదీ ఆ వైపే. “ఈడ ఎన్నేండ్లున్నా, ఉండేదానికిచ్చే కాగితం, ఇఖామా, అయిపోతే ఖలాస్. పాప ఈడే పుట్టింది. అరబ్బీ గడగడ మాట్లాడుతాది. రేపు సదువయినంక నువ్వెవరు, పొమ్మంటారు. ఆడయితే ఎప్పుడో ఒకప్పుడు కాగితం ఇస్తారంట గదా.”

గంగులు వద్దనే వైపు. “ఈడ నన్ను అందురూ రఫీక్ అంటారు, నేస్తమని. పక్క తోటలో బెంగాలీ ఆయప్పనూ రఫీక్ అంటారు. ఎవరి పేరూ అడగరు. అందురికీ ఒకే పేరు. అదొక సమానం కాదా?” అందరం నవ్వాం. తను మాత్రం నవ్వలేదు.

తర్వాత ఎస్తేరు. ఆమె కూడా ‘వద్దు’ వైపే తీసుకుంది. లేచి నిలబడి, ఆసుపత్రిలో డ్యూటీ అప్పగించేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడింది.

“ఇక్కడ నా పైన ఎవరున్నారో నాకు తెలుసండి. పాస్‌పోర్టు రంగును బట్టి జీతం. ఎవరూ దాచరు, కాగితం మీదే ఉంటుంది. కాగితం మీదున్న దాంతో బతకడం నేర్చుకున్నాను. ఆ దేశంలో అందరూ సమానమని గోడ మీద రాసుంటుందట. సమానమని రాసిన గోడ కిందే నన్ను తక్కువ చేశారనుకోండి, అప్పుడు తప్పు నాదేనేమో అనుకుంటాను. అది నాకు భయమండి. ఇక్కడ ఆ భయం లేదు.”

నా వ్యాసాల్లో ఈ కోణం ఉందా అని మనసులోనే వెతుక్కున్నాను. ఈ ఒక్క మాట కోసం వెయ్యి మైళ్ళు రావచ్చు.

చాయ్ తర్వాత

భోజనం ముందు, చాయ్ ఆ తర్వాత. మూకుడంత పళ్ళెంలో రాగి సంగటి ముద్దలు, గోంగూర, మాంసం పులుసు. ఒకే పళ్ళెం. దాని చుట్టూ ఐదుగురం. ఇది వాళ్ళు అరబ్బుల దగ్గర నేర్చుకున్న అలవాటు. సహపంక్తి భోజనాల కోసం మన పెద్దలు ఎంత పోరాడారు! వరసగా విడివిడి ఆకుల్లో కూర్చోబెట్టడానికే ఊళ్ళు రెండుగా చీలాయి. ఇక్కడ ఎస్తేరు వేళ్ళూ శివారెడ్డి వేళ్ళూ ఒకే ముద్ద కోసం తగులుకుంటున్నాయి. “ఆ బొమిక నాదండి!” “యాడ రాసుంది నీ పేరు?” అని కొట్లాట.

చాయ్ అయింది. ఇప్పుడు తిరగాలి.

లక్ష్మీదేవి ముందుగా లేచి, ‘వద్దు’ వైపు మాట్లాడింది. ఎస్తేరు ముందు నిలబడి, మామా చెప్పిన అమెరికావాళ్ళ గొంతుతో, చెవిటివాళ్ళతో చెప్పినట్టు, “అ-మ్మా-యీ. ఇ-ది. సూ-ది. తె-లు-సా?” అంది. ఎస్తేరు నవ్వలేక కడుపు పట్టుకుంది. గంగులు తిరిగి ‘వెళ్ళమ్మా’ అన్నాడు, ఒకే వాక్యం: “పేరు పెట్టి పిలిచేచోటికి పో.”

శివారెడ్డి వంతు వచ్చింది. ఇంకో చాయ్ పోసుకున్నాడు. ఇసుకలో గీతలు గీశాడు. చివరికి, “నేను గిన్నెలు కడుగుతాలే” అన్నాడు.

“గిన్నెలన్నీ నాయి” అన్నాడు గంగులు. “నువ్వు కడిగేది అక్కర్లా. మాట్లాడు.”

శివారెడ్డి తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

“ఆడ కులం ల్యా అంటి. ఉండాది. మా తమ్ముని ఇంట్లో ఎవరన్నా గది అడిగితే ముందు ఊరడుగుతారు. అప్పటికీ తెలీకుంటే ఇంటిపేరు. అప్పటికీ తెలీకుంటే మీ నాయన పూర్తి పేరు. నాకెట్ల తెలుసంటే, వాడే ఫోన్లో చెప్పి నవ్వినాడు. నేనూ నవ్వినా.” ఆగాడు. “నేను ఏడో తరగతి. రేపు ఆడికి పోతే మా తమ్ముడు ఎయిర్‌పోర్టుకు కారేసుకోనొస్తాడు. ఎస్తేరమ్మ ఇంత సదువు సదివి పోతే వాకిట్లో నిలబెట్టి అడుగుతారు. సార్ చెప్పినారే, అడగకుండానే దక్కేదని. తెల్లోనిది కాదు సార్ ఈడ లెక్క. నాది.”

గొర్రెలు అరుస్తున్నాయి. షెడ్డు ప్లాస్టిక్ గాలికి టపటపలాడుతోంది. నేను ఇన్నేళ్ళుగా ఎందరో అగ్రకులాల మిత్రుల చేత ఈ వాక్యం చెప్పించాలని ప్రయత్నించాను. కొందరు వ్యాసాలు రాశారు, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తిన్న పళ్ళెం ఇంకా తడిగా ఉండగా, ఆ పళ్ళెంలో తనతో తిన్న మనిషి ముందు ఇలా చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

ఎస్తేరు లేచింది. ఇప్పుడు ఆమె ‘వెళ్ళాలి’ వైపు మాట్లాడాలి.

“ఫోన్ చెయ్యండి” అంది.

“ఎవురికి?”

“మీ తమ్ముడు గారికి. అక్కడిప్పుడు పొద్దున్నేగా, లేచే ఉంటారు.”

“ఇప్పుడెందుకులే అమ్మా...”

“నా వంతండి ఇది. నా వాదన ఇదే. చెయ్యండి. స్పీకర్లో పెట్టండి.”

శివారెడ్డి మా అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ అడ్డురాలేదు. చేశాడు.

“అనా! ఏంది పొద్దున్నే?” హుషారైన గొంతు.

“ఏంలేబ్బా. ఈడ నుంచి ఒక నర్సమ్మ మీ ఊరికే వస్తాంది, బిడ్డతో. నాకు చెల్లెలు మాదిరి. నెలరోజులు మీ ఇంట్లో ఉంటారు.”

“దానికేముంది అనా, రమ్మను. ఇంత ఇల్లు పెట్టుకొని.” ఒక క్షణం ఆగి, చాలా మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు: “మనోళ్ళేనా?”

శివారెడ్డి కళ్ళు మూసుకున్నాడు. ఎస్తేరు అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“నమస్కారమండి. నా పేరు ఎస్తేరు. మాది నరసాపురం దగ్గర. ఊళ్ళో కాదండి, పేటలో. మా నాన్న పేరూ ఇంటిపేరూ కూడా చెప్పమంటే చెబుతాను, మీకు అడిగే శ్రమ ఉండదు. మీవాళ్ళం కాదండి.”

అవతల్నుంచి: “అయ్యో, అది కాదు సిస్టర్, నేను ఊరికే... అసలు పైగదులు రిపేర్లో ఉన్నాయి, అన్నకు తెలీదు...”

శివారెడ్డి ఫోన్ లాక్కున్నాడు. “పైగదులు మొన్ననే వీడియోలో చూపించినావు లేరా” అని పెట్టేశాడు.

ఎస్తేరు ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ఆశ్చర్యపోయినట్టుగా నవ్వింది.

“ఇంతేనాండి? ఇంతదానికా నేను నెల్రోజుల్నించి నిద్ర మానుకున్నాను?” మా అందరి వైపూ చూసింది. “తెల్లవాళ్ళంటే నాకు భయం లేదండి. మామా గారు చెప్పినట్టు గట్టిగా, నెమ్మదిగా మాట్లాడితే నేనూ అలాగే మాట్లాడతాను. నా భయమంతా ఈ ఒక్క మాట. నా పిల్ల పక్కనుండగా ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారని. పిల్ల నా మొహంలోకి చూస్తుందని. అడిగేశారు. చెప్పేశాను. ఏమీ కాలేదు. గదులు పాడయ్యింది ఆయన ఇంట్లో, నా ఇంట్లో కాదు.”

లక్ష్మీదేవి చప్పట్లు కొట్టింది. ఈ సభలో చప్పట్లు ఉండవని గంగులు కసిరాడు.

నేను ఉండబట్టలేక అడిగేశాను: “అయితే ఎస్తేరూ, ఇది వాదనలో మాటా? నీ సొంత మాటా?”

నలుగురూ ఒక్కసారి నా వైపు తిరిగారు. అడగకూడని ప్రశ్న అది. అతిథినని కూడా చూడలేదు. “యల్లా, లేయండి సార్, గిన్నెలు ఆడ ఉండాయి, కొళాయి ఈడ ఉంది” అన్నాడు గంగులు. ఆ మూకుడు పళ్ళెం తోమేసరికి నా నడుం పడిపోయింది. శివారెడ్డి అడగకుండానే వచ్చి పక్కన కూర్చొని నీళ్ళు పోశాడు. తిరుగుదారిలో తమ్ముడి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. అతను ఎత్తలేదు.

ఆదివారం

కువైట్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది. మిర్కాబ్ వీధులు ఆఫీసులకు పోయే కార్లతో నిండిపోయాయి. శివారెడ్డి ఆఫీసు మనుషుల్ని దించి వచ్చి, నన్ను సముద్రం వైపు తీసుకెళుతున్నాడు. సముద్రం మీద చూపు నిలవడం లేదు. ఇద్దరికీ ఒకటే ఆలోచన.

ఒక సంగతి చెప్పుకోవాలి. అమెరికాలో అన్యాయం లేదని నేను అనను. ఆ రోజు వఫ్రా ఇసుక మీదికి ఫోన్లో వచ్చింది అమెరికా గాలే, మన ఊరి మురుగును మోసుకొని. ఆధిక్యత సముద్రాలు దాటుతుంది, సామాన్లలో బరువు తూగదు కాబట్టి. దానికి ఎదురు నిలబడే తెగువ కూడా అలాగే దాటుతుందని నేను కువైట్‌లో చూశాను.

ఎస్తేరు ఫోన్ చేసింది. ఆసుపత్రి చప్పుళ్ళ మధ్య నుంచి ఆమె గొంతు.

“చెప్పేశానండి. వస్తున్నానని చెప్పేశాను. పాప నిన్నట్నుంచీ అట్లాసు పట్టుకొని కూర్చుంది, వదలడం లేదు.”

శివారెడ్డి వ్యాను పక్కకు ఆపాడు. నా చేతిలోని ఫోన్‌లోకి వంగాడు.

“ఎస్తేరమ్మా, మా తమ్ముడు రాత్రి మళ్ళా చేసినాడు. ఈసారి ఎత్తినా. గదుల రిపేరు ఒక్కరోజులో అయిపాయనంట. రమ్మంటాండాడు. తప్పయిందని నీకు చెప్పమన్నాడు. ‘నాకెందుకు చెప్తావు, ఆమెకే చెప్పుకో’ అని నీ నంబరిచ్చినా. నీకు చేసినాడా?”

“లేదండి.”

“చేస్తాడేమో. ఏమంటావు?”

“చేస్తే మాట్లాడతాను. చెయ్యకపోతే పోనీండి. ఆ గదులు ఇంకెవరికైనా ఇచ్చుకోమనండి. పాపకీ నాకూ ఆసుపత్రి వాళ్ళు ఇల్లు చూస్తామన్నారు” అంది ఎస్తేరు. ఎవరో పేషెంటు పిలుస్తున్నట్టున్నారు, ‘వస్తున్నా’ అని అటు కేకేసి, మళ్ళీ ఇటు తిరిగి తొందరగా అంది:

“నేను వెళ్ళే దారి వాళ్ళ వాకిట్లోంచి లేదు గదండి.”